నీటి తీరువా పెరగవలసినదే

నేను పనిచేయు మండలము కృష్ణా డెల్టాలో కాలువకు చిట్టచివర నున్నది. మొన్నటి సార్వా నాట్ల కాలమున ఒక ఉదయము శివారు గ్రామమొకదానికి విత్తనశుద్ధి సంగతి మాట్లాడుటకై పోయితిని. అక్కడ ఎవ్వరును విత్తనము మాట ఎత్తలేదు. నారు ముదిరిపోవుచున్నది, దమ్ము చేయుటకు నీరు లేదు. బ్యారేజివద్ద నీటికి కొదువలేని రోజులవి. ఇరువది కిలోమీటర్ల ఎగువన లాకువద్ద కాలువ ఒడ్డులొరసి పారుచుండుటను వచ్చునప్పుడు నేనే చూచితిని. ఈ గ్రామపు పంటబోదెలో మాత్రము అడుగున బురద, పైన గుర్రపుడెక్క. మురుగుకాలువ గట్టున వరుసగా ఏడు డీజిలు ఇంజనులు పనిచేయుచున్నవి. మురుగులో నిలిచిన నీటినే తోడి మడులకు పెట్టుకొనుచున్నారు.

ఒక ఇంజను ప్రక్కన తువ్వాలు పరచుకొని కూర్చున్న పెద్దాయన నన్ను పిలిచి, "ఏవో గారూ, మీరు చదువుకున్నారు గదా, ఈ లెక్క చెప్పండి. సర్కారువారు ఎకరానికి రెండొందలు కట్టమంటే ఊరు ఊరంతా గోల పెట్టాం. ఈ ఇంజనుకి అద్దె, డీజిలు కలిపి తడికి పన్నెండొందలు. మూడు తడులయ్యాయి. దీనికి ఎవడూ గోల పెట్టలేదేం?" అని అడిగినాడు.

మూడు తడులకు 3,600 రూపాయలు. అనగా ఆయన ఒక ఎకరమునకు పదునెనిమిది ఏండ్ల తీరువాను ఒక్క నెలలో ఇంజనునకు చెల్లించినాడన్నమాట. నేనప్పటికేమియు సమాధానము చెప్పలేకపోయితిని. తరువాత పలుమార్లు ఆలోచించి నాకు తోచినది ఈ పత్రికాముఖమున వ్రాయుచున్నాను. ఇది శాఖవారి అభిప్రాయము కాదు, నా స్వంత అభిప్రాయము. ఏమనగా, నీటి తీరువా పెరగవలెను. అయితే పెరిగిన ప్రతి రూపాయి కాలువకే చేరవలెను. ఈ రెండవ మాట లేనిచో మొదటి మాటను నేను చెప్పను.

తీరువాను గురించి మాట్లాడునప్పుడు కాలువ ఎట్లు వచ్చినదో, దానిని ఇంతకాలము ఎవరు నిలిపిరో కొంచెము జ్ఞాపకము చేసికొనుట మంచిది. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టినది. అటుపిమ్మట కాటన్ దొరగారి పూనికతో 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట, 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియైనవి. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. ఆనకట్టలు కట్టినది ప్రభుత్వమే. అయినను కాలువలను, చెరువులను ఏటేట బాగుచేయుటలో రైతు చేయి ఎప్పుడును ఉండెడిది. కుడిమరామత్తు అని మన పెద్దలు చెప్పుకొనెడివారు. పూడిక తీయుట, గట్టు మట్టి వేయుట, గండి పడినప్పుడు ఇంటికొక మనిషి పోయి నిలుచుట, ఇవి ఊరి ఉమ్మడి పనులు. 1858లో మద్రాసు ప్రభుత్వము గండ్లు పూడ్చు పనికి రైతులు తప్పక రావలెనని చట్టము కూడ చేసినది. ఆ చట్టమును నేను మెచ్చుకొనుట లేదు. బలవంతపు చాకిరీ ఎన్నడును మంచిది కాదు. కాని కాలువ దానంతట అది బ్రతకదను తెలివి నాటివారికి కలదు.

తరువాత రోజులలో మాగాణి శిస్తులోనే నీటి సొమ్మును కలిపి వసూలు చేసిరి. రైతు శిస్తు కట్టెను, మరమ్మతు ప్రభుత్వము చూచుకొనునని ఊరుకొనెను. ఊరి చేయి క్రమముగా వెనుకకు పోయినది. 1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దయినవి. 1988లో నీటి పన్నుకు ప్రత్యేకమైన చట్టము వచ్చినది. 1996లో మొదటి వరి పంటకు ఎకరమునకు 60 రూపాయలున్న తీరువాను ఒక్కసారిగా 200 రూపాయలు చేసిరి. మూడింతలకు పైగా పెంపుదల! మరుసటి సంవత్సరమే రైతుల యాజమాన్య చట్టము చేసి, ఊరూర నీటి సంఘములకు ఎన్నికలు జరిపిరి. పెంచిన సొమ్ములో సంఘములకు వాటా ఇచ్చి మరమ్మతులు వారిచేతనే చేయింపవలెనను ఆలోచన దానిలో నున్నది. ఆ మొదటి రెండు మూడేండ్లలో కాలువ కట్టివేసిన వేసవులలో రైతులే దగ్గరుండి పూడికలు తీయించిరని, శివారు చేలకు నీరు వచ్చినదని మా మండలములో పెద్దవారు ఇప్పటికిని చెప్పుదురు. అప్పుడు నేను పలక పట్టిన పిల్లవాడను. వారి మాటే నాకు ఆధారము.

నాటినుండి నేటివరకు ఆ 200 రూపాయలే. దాళ్వా వరికి 150, ఆరుతడి పంటలకు 100, చేపల చెరువులకు ఏడాదికి 500. ఇవి పెద్ద ప్రాజెక్టుల క్రింది రేట్లు.

ఇక ధాన్యపు లెక్క చూతము. రైతునకు రూపాయిలకన్న కిలోలు బాగుగా తెలియును. 1996-97లో సాధారణ రకము ధాన్యమునకు కేంద్ర ప్రభుత్వపు మద్దతు ధర క్వింటాలుకు 380 రూపాయలు. నాడు ఎకరము తీరువా కట్టవలెనన్న రైతు 53 కిలోల ధాన్యము అమ్మవలసి వచ్చెను. మన 75 కిలోల బస్తాలో మూడింట రెండువంతులకంటె కొంచెము ఎక్కువ. 2025-26లో మద్దతు ధర 2,369 రూపాయలు. నేడు అదే తీరువాకు ఎనిమిదిన్నర కిలోలు చాలును. అంటే కాగితము మీద తీరువా నిలిచియున్నను, చేనిలో అది ఆరవ వంతునకు పడిపోయినది. మరి కాలువ ఖర్చు పడిపోయినదా? సిమెంటు, ఇనుము, డీజిలు, కూలి వీనిలో ఏది 1996 నాటి ధరకు దొరకుచున్నదో చెప్పగలవారు చెప్పవలెను.

నీటి కొలతలో చూచినను ఇంతే. వరికి నారుమడి మొదలు కోతవరకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పట్టునని వేసుకొన్నచో ఎకరమునకు 48 లక్షల లీటర్లు దాటును. వాన నీటిని తీసివేసినను సగమైన కాలువదే. మొత్తము కాలువ నీరే అనుకొన్నచో వెయ్యి లీటర్లకు నాలుగు పైసలు పడుచున్నది. మన ఊళ్లలోనే ఇరువది లీటర్ల మంచినీటి డబ్బాకు పది, ఇరువది రూపాయలిచ్చి కొనుక్కొనుచున్నాము. త్రాగు నీటిని, సాగు నీటిని ఒక గాటను కట్టరాదని నాకును తెలియును. కాని పది ఇరువది డబ్బాల ధర ఒక పంటకాలపు నీటి ధర అగుట మాత్రము సరికాదు.

1972లో కేంద్ర నీటిపారుదల సంఘము ఆహార పంటలకు స్థూలాదాయములో నూటికి 5 వంతులు నీటి రేటుగా నుండవచ్చునని సలహా ఇచ్చినది. ఎకరమునకు 30 బస్తాలు పండి మద్దతు ధరకు అమ్ముడైనచో 53 వేల రూపాయలు వచ్చును. దానిలో 5 వంతులనగా 2,600 రూపాయలు దాటును. ఈ సలహాను ఉన్నదున్నట్లు అమలు జరుపుమని నేను అనను. స్థూలాదాయము రైతు జేబులోనికి వచ్చు ఆదాయము కాదు. ఎరువు, పురుగుమందు, యంత్రపు కోత, కౌలు పోగా మిగులునది ఎంతో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. 1992లో వైద్యనాథన్ సంఘము చెప్పిన మాట నాకు నచ్చినది. కనీసము కాలువల నిర్వహణకు, మరమ్మతులకు అగు ఖర్చయినను నీటి రేటు రూపమున రావలెనని వారనిరి. అది న్యాయమైన మాట. కాలువ తవ్విన ఖర్చు ప్రభుత్వము భరించినది. దానిని శుభ్రముగా ఉంచుకొను ఖర్చు వాడుకొనువారు భరించుట తప్పుగాదు.

ఇక మరమ్మతు లేని కాలువ రైతునకు ఎట్లు చేటు చేయునో వ్యవసాయాధికారిగా నాకు తెలిసిన మేరకు వివరింపనిండు. ఇది మా శాఖ చదువు, అందుచేత కొంచెము నిలిచి చెప్పెదను.

కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ పెరిగినచో నీటి వేగము తగ్గును. వేగము తగ్గగానే వండ్రు అడుగున నిలుచును. అడుగు లేచుకొలది గట్టున నీటిమట్టము హెచ్చి ఎగువ తూములలోనికి కావలసినదానికంటె ఎక్కువ నీరు పోవును, శివారునకు చేరవలసినది చేరదు. తలుపు విరిగిన తూము ఆపుచేయుటకు వీలులేక రాత్రింబగళ్లు పారుచుండును. ఎగువ రైతు మడిలో నీరు పొర్లి మురుగులో పడును, దానితోపాటు అతడు చల్లిన యూరియా కూడ పోవును. ఆ చేలలో పిలకలు తక్కువ, దోమపోటు ఎక్కువ. కావున కాలువ పాడైనచో నష్టము శివారు రైతుదే అనుకొనుట పొరపాటు. ఎగువ రైతు తన నష్టమును ఎరువుల దుకాణములో, మందుల దుకాణములో చెల్లించుచున్నాడు.

శివారు రైతు సంగతి మరి దారుణము. నాట్లు పదిహేను, ఇరువది రోజులు వెనుకబడినచో ముదురు నారు నాటవలసి వచ్చును, పిలకలు సరిగా రావు. కోత డిసెంబరునకు జరుగును. నవంబరు, డిసెంబరు మాసములలో మన తీరమునకు వచ్చు తుపానులు పనలమీదనున్న పంటకు, కల్లములోని పంటకు ఏమి చేయునో అందరికిని అనుభవమే. అంతటితో పోదు. వరి కోతకు ముందు మాగాణిలో మినుము చల్లుట మన డెల్టా రైతుల బంగారు అలవాటు. నేలలో మిగిలిన పదునుతోనే పెట్టుబడి లేని పంట వచ్చును. వరి ఆలస్యమైనచో మినుము కూడ ఆలస్యమై పదను ఆరిపోవును, పూత ఎండలలో పడును, పల్లాకు తెగులు పట్టును. ఆగస్టులో ఒక షట్టరు బిగిసిపోయినందుకు రైతు మరుసటి మార్చిలో మినుము పోగొట్టుకొనుచున్నాడు. ఈ నష్టమును ఎవ్వరును తీరువా ఖాతాలో వ్రాయరు. అందుచేతనే తీరువా 200 రూపాయలేనని మనము సంతోషించుచున్నాము.

ఎంత పెంచవలెను? నా లెక్క ఇది. రూపాయలలో కాక ధాన్యములో నిర్ణయింపవలెను. సార్వా వరికి ఎకరమునకు 25 కిలోల ధాన్యపు ధర, అనగా బస్తాలో మూడవ వంతు. 2025-26 మద్దతు ధర ప్రకారము అది సుమారు 590 రూపాయలు. 30 బస్తాల పంటలో నూటికి ఒక వంతు చిల్లర మాత్రమే. 1996లో రైతు ఇచ్చిన 53 కిలోలలో సగము కూడ లేదు. మద్దతు ధరతోపాటు ఏటేట అదియే కొంచెము కొంచెముగా మారుచుండును. ఇరువది ముప్పది ఏండ్లు ముట్టుకొనకుండ ఉంచి, ఒకనాడు హఠాత్తుగా మూడింతలు చేసి, ఊళ్లలో అలజడి పుట్టించు పని తప్పును. ధాన్యము ధర పెరగని ఏడు తీరువా కూడ పెరగదు. దీనిలో రైతునకు గూడ ఒక రక్షణ కలదు.

ఈ సొమ్ము సంఘమునకు ఏమగునో చూడుడు. పెద్ద ప్రాజెక్టుల క్రింద వసూలైన పన్నులో సగము నీటి సంఘమునకు, నూటికి 20 వంతులు డిస్ట్రిబ్యూటరీ కమిటీకి, 20 ప్రాజెక్టు కమిటీకి, 10 గ్రామ పంచాయతీకి అని పంపకము నిర్ణయించిరి. 1,200 ఎకరముల ఆయకట్టు గల సంఘమును తీసికొందము. 200 రూపాయల చొప్పున పూర్తిగా వసూలైనచో 2,40,000. సంఘము వాటా 1,20,000. పొక్లెయిను అద్దె గంటకు 2,000 రూపాయలనుకొన్నచో 60 గంటల పని, వారము దినములు. తూము తలుపులకు, గట్టు మట్టికి, లస్కరు కూలికి ఏమియు మిగలదు. నూటికి 60 వంతులే వసూలైనచో సంఘము వాటా 72,000 మాత్రమే. అదే 25 కిలోల లెక్కన పూర్తిగా వసూలైనచో సంఘమునకు మూడున్నర లక్షలు దాటి వచ్చును. దానితో పూడిక తీసి, ఏడాదికి రెండు మూడు తూములకు కొత్త తలుపులు పెట్టి, కాలువమీద తిరుగుటకు ఒక మనిషిని కూడ పెట్టుకొనవచ్చును. కొన్నేండ్లు ఇట్లు జరిగినచో బోదెలకు సిమెంటు లైనింగు వేసికొనుట, చివరి చేలవరకు కొత్త పిల్లకాలువ త్రవ్వుకొనుట కూడ సంఘము శక్తికి మించిన పనులు కావు.

ఇప్పుడు అభ్యంతరములకు వత్తము. నేను ఈ సంగతి ఎత్తిన ప్రతిచోటను రైతులు ఊరుకొనలేదు, నన్ను బాగుగానే నిలదీసిరి.

ఒకాయన, "పట్నంలో వాళ్లకి నీళ్లు ఊరికే ఇస్తారు, మాకు పెంచుతారా?" అని అడిగినాడు. హైదరాబాదు నగరములో ఇండ్లకు నెలకు 20 వేల లీటర్లవరకు ఉచితముగా ఇచ్చు పథకమును 2021 జనవరిలో ప్రారంభించిన మాట నిజము. మోటారు బావుల రైతులకు 2004 నుండి కరెంటు ఉచితమయినదియు నిజమే. కాలువ రైతునకు మాత్రము పెంపుదలయా అనుటలో న్యాయము లేకపోలేదు. దీనికి నా జవాబు ఒక్కటే. ఉచితమైన దానికి యజమాని యుండడు. కుళాయి ఆగిపోయిన నగరవాసి ట్యాంకరు తెప్పించుకొనగలడు. కాలువ ఆగిపోయిన శివారు రైతునకు ట్యాంకరు లేదు. ఇక ఉచితము మంచిదా చెడ్డదా అను పెద్ద తగవులోనికి నేను పోదలచుకొనలేదు.

ఒక కౌలు రైతు, ఆమెకు నాలుగెకరముల కౌలు సేద్యము, "అయ్యా, పొలం వాళ్లది, కాలువ బాగుపడితే పొలం ధర పెరిగేది వాళ్లకి. పన్ను మాత్రం మేమా కట్టేది?" అన్నది. ఇది నన్ను చాల ఇబ్బంది పెట్టిన ప్రశ్న. మా డెల్టాలో సగము కంటె ఎక్కువ చేలు కౌలుదారుల చేతిలో నున్నవని నా పర్యటనలలో నాకు తోచినది. వాడుకలో తీరువా కౌలుదారుని నెత్తిమీదనే పడుచున్నది. పెంచిన తీరువాను గూడ అట్లే పడనిచ్చినచో అది అన్యాయమగును. పెరిగిన భాగమును భూమి యజమాని భరించవలెనని కౌలు మాట్లాడుకొనునప్పుడే తేల్చుకొనుట మంచిది. అవసరమైనచో ప్రభుత్వము ఉత్తర్వులోనే ఆ మాట వ్రాయవలెను. దీనివలన యజమానులు కౌలు పెంచి లోపలినుండి రాబట్టుకొందురని నాతో ఒక మిత్రుడు వాదించినాడు. కావచ్చును. నాకు దానికి పూర్తి సమాధానము తోచలేదు.

"ధాన్యము గిట్టుటలేదు గనుక తీరువా వద్దు" అనువారికి, ధర పోరాటము వేరు, కాలువ మరమ్మతు వేరు అని చెప్పుదును. ధర తక్కువగా నున్నప్పుడు దిగుబడి కూడ పోగొట్టుకొనుట రెండు నష్టములు.

అన్నింటికంటె బలమైన అభ్యంతరము మరొకటి. "కడతామండీ, కట్టిన డబ్బు కాలువకి వస్తుందా?" దీనిని ఎవరు అడిగినను నేను తల వంచుకొనుచున్నాను. పన్ను ఖజానాకు పోవును. అక్కడినుండి సంఘము ఖాతాకు ఎప్పుడు తిరిగివచ్చునో, ఎంత వచ్చునో ఊరిలో ఎవరికిని తెలియదు. నా ఎరుకలోనే ఒక సంఘమునకు రావలసిన సొమ్ము కాలువలు వదలిన తరువాత వచ్చినది. నీరు పారు కాలువలో పూడిక ఎట్లు తీయుదురు? ఆ ఏడు గట్టుమీద కలుపు కోయించి బిల్లు పెట్టిరి. ఇట్టివాటిని చూచిన రైతు తీరువా ఎగవేయుట తప్పే, కాని అతని అనుమానము తప్పు కాదు.

అందుచేత పెంపునకు ముందుగా కొన్ని కట్టుబాట్లు ఏర్పడవలెను. సంఘము వాటా ఖజానా చుట్టు తిరుగకుండ వసూలైన నెలలోనే సంఘము ఖాతాలో పడవలెను. కాలువ కట్టివేయు వేసవిలోగా సొమ్ము చేతిలో లేనిచో ఆ ఏటి పెంపుదలను వసూలు చేయరాదు. ఖర్చుపెట్టిన ప్రతి పద్దును తూము పేరుతో, గజముల కొలతతో గ్రామసభలో చదివి, పంచాయతీ గోడమీద వ్రాయవలెను. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘములకు మరల ఎన్నికలు జరిగినవి గనుక లెక్క అడుగుటకు ఊరిలో ఒక మనిషి దొరకును. ఎవరిని అడుగవలెనో తెలియక తిట్టుకొనుచు కూర్చుండు స్థితి లేదు.

నీరు రానివాడు పన్ను కట్టరాదు. ఇది వినుటకు సులభముగా నున్నను అమలులో గట్టి పని. నేడు తీరువా ఆయకట్టు పటములోని ఎకరములనుబట్టి పడుచున్నది, పారిన నీటినిబట్టి కాదు. శివారున ఇంజనుతో తడిపినవానికిని, ఎగువన మడి పొర్లించినవానికిని ఒకటే చీటి. ఇక్కడ గ్రామోద్యోగుల బాధ్యత చాల యున్నది. ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎవరు సాగుచేయుచున్నారు, కాలువ నీరు వచ్చినదా లేదా అను మూడు సంగతులు చేనిగట్టున నిలిచి వ్రాసినచో సగము తగవులు తీరును. ఇప్పుడు ఈ-పంట నమోదులో పంట, సాగుదారు పేరు ఎట్లును వ్రాయుచున్నాము. దానికి నీటి సంగతి మరొక గడి చేర్చుట కష్టము కాదు. అయితే గదిలో కూర్చుండి గడులు నింపు అలవాటు మనలో కొందరికి కలదు. నా శాఖవారిని కూడ కలుపుకొనియే ఈ మాట అనుచున్నాను.

చేపల, రొయ్యల చెరువులకు ఏడాదికి ఎకరమునకు 500 రూపాయలనుట నాకు వింతగా తోచును. వరి కొన్ని నెలలు నీరు పట్టుకొనును. చెరువు ఏడాది పొడవునను పట్టుకొనును, నీరు మార్చినప్పుడెల్ల మరల కొత్త నీరు కావలెను. ఆ రాబడియు వరి రాబడియు ఒకటి కాదు. వరి రైతుకు మూడింతలు పెంచి చెరువులవారిని విడిచిపెట్టినచో శివారు గ్రామములలో ఎవ్వరును ఒప్పుకొనరు, ఒప్పుకొనవలసిన పనియు లేదు.

నీటిని కొలచి అమ్ముటయే సరియైన మార్గమని కొందరు పెద్దలు చెప్పుచున్నారు. మహారాష్ట్రములో నాసిక్ జిల్లా వాఘాడ్ ప్రాజెక్టు క్రింద సంఘములు ప్రభుత్వమువద్ద నీటిని ఘనపు కొలతతో తీసికొని సభ్యులకు పంచుకొనుచున్నవి. తమ వాటా నీటితో ఏ పంట వేసికొనవలెనో రైతులే నిర్ణయించుకొందురు. అక్కడ అది బాగుగా నడచినది. మన డెల్టాలో నీరు మడినుండి మడికి పారును. ఏ రైతు చేనికి ఎంత పోయినదో కొలచుట సాధ్యము కాదు. కాని సంఘపు తూమువద్ద, అనగా వేయి పన్నెండువందల ఎకరముల ముఖద్వారమువద్ద, కొలచుటకు అడ్డేమి? ఒక కొలత పలక పాతి, ఉదయము సాయంకాలము లస్కరు మట్టము వ్రాసినచో చాలును. సంఘమునకు ఎంత నీరు వచ్చినదో ఊరికి తెలియును. తక్కువ నీటితో పండించినవారికి, అనగా మడిని ఒక తడి ఆరనిచ్చి మరల తడుపువారికి, వెదజల్లు పద్ధతిని చేయువారికి సంఘము తీరువాలో కొంత తగ్గింపు ఇచ్చుకొనవచ్చును. ఆ పద్ధతులను మేము ఊరూర తిరిగి చెప్పుచున్నాము. వింటున్నవారు తక్కువ. నీరు పొదుపు చేసిన రైతునకు రూపాయి లాభము లేనప్పుడు మా మాట ఎందుకు వినవలెను?

ఆ శివారు గ్రామపు సంగతి చెప్పి ముగించెదను. నేను పోయిన పదిరోజులకు వారు రామాలయము అరుగుమీద సమావేశమైరి. నన్నును పిలిచిరి. ఎకరమునకు 300 రూపాయలు చందా వేసికొని యంత్రమును తెప్పించి గుర్రపుడెక్క తీయవలెనని తీర్మానించిరి. ఇంజను పెద్దాయన మొదట లేచి తన రెండెకరముల సొమ్ము 600 అక్కడే పెట్టినాడు. ఎగువ గ్రామమువారిని కూడ కలియుడని అడుగగా, "మాకు నీళ్లు వస్తున్నాయి గదా" అని వారు రాలేదు. ఊరిలో మూడువంతుల మంది చెల్లించిరి, ఒకవంతు మంది చెల్లించలేదు. చెల్లించనివారి చేలకు గూడ నీరు పారినది. దీనిమీద మాట మాట పెరిగి ఇద్దరు అన్నదమ్ములు నేటికిని పలుకరించుకొనుట లేదు. చందాలతో కాలువ నడుపుటలో ఉన్న చిక్కు ఇదియే. చట్టము ప్రకారము అందరినుండి వచ్చు తీరువా అయినచో ఈ తగవు లేకపోవును గదా అని ఆనాటినుండి నాకు మరీ గట్టిగా తోచుచున్నది.

కలుపు తీసిన నాలుగవ రోజున నీరు చివరి చేనికి చేరినది. అప్పటికి నారు వయస్సు నలుబది రోజులు దాటినది. కుదురుకు నాలుగైదు మొక్కలు చొప్పున దగ్గరదగ్గరగా నాటుడని, నత్రజనిని ఆలస్యము చేయక ముందే వేయుడని చెప్పి వచ్చితిని. పాడైన షట్టరు అట్లే యున్నది. కాలువ కట్టివేసిన తరువాత దానిని మార్చుటకు సంఘము తీర్మానము చేసి కాగితము పైకి పంపినది. కొత్త తలుపునకు, బిగింపునకు కలిపి 64 వేల రూపాయలగునని అంచనా వేసిరి. ఇప్పటికి సంఘము ఖాతాలో ఉన్నది 11 వేలు.